ఎర్ర బల్బు ఆరితే

నర్సమ్మ గారి కారు మూడోసారి ఆగిపోయిందన్న కబురు వినగానే మీటరుకి తాగుతున్న టీ చేదెక్కింది. మొదటిసారి ఆగినప్పుడు కొత్త బ్యాటరీ వేసింది అతనే. రెండోసారి ఆగినప్పుడు డైనమో దించి, లోపలి కార్బన్ బ్రష్షులు మార్చి, బెల్టు బిగించి, పదేళ్లదాకా దీని సంగతి మర్చిపోవచ్చని నర్సమ్మ గారికి మాటిచ్చిందీ అతనే. మాటిచ్చి సరిగ్గా పంతొమ్మిది రోజులైంది. ఇప్పుడు ఆవిడకి ఎదురుపడాలంటే మొహం చెల్లడం లేదు.

మీటరు అతని అసలు పేరు కాదు. అసలు పేరు అతని భార్యకి కూడా ఒక్క క్షణం ఆలోచిస్తే గాని గుర్తు రాదు. కార్ల కరెంటు పని చేసేవాళ్లలో ఎక్కువమందికి ఒక దురలవాటు ఉంది. బండి స్టార్టవలేదంటే చాలు, ఏదో ఒకటి విప్పి కొత్తది పెట్టేస్తారు. బాగైతే మా గొప్ప, బాగవకపోతే నీ కర్మ. మన మీటరు అలాంటివాడు కాదు. ఎర్రతీగా నల్లతీగా ఉన్న తన వోల్టు మీటరు పెట్టి చూడనిదే స్క్రూ కూడా తాకడు. డ్రైవర్లు చెప్పింది వినడు. డాష్‌బోర్డు మీద వెలిగే దీపాలన్నా అతనికి మహా చులకన. అవి డ్రైవర్లని జోకొట్టడానికి పెట్టినవని, మీటరు ముల్లు ఒక్కటే నిజం చెబుతుందని షెడ్డుకి వచ్చిన ప్రతివాడికీ పాఠం చెప్పేవాడు. మనిషన్నాక ఏదో ఒక గర్వం ఉండాలి కదా, అతనిది ఇది.

కబురు తెచ్చినవాడు నర్సమ్మ గారి కొడుకే. కొరియర్ ఆఫీసులో పని. నడక, మాట, భోజనం అన్నీ పరుగే కాబట్టి అందరూ రాకెట్టు అంటారు. పొద్దున తొమ్మిదింటికి ఆ కారునే రయ్యిమని తోలుకొచ్చి షెడ్డు ముందు ఆపాడు. నిన్న సాయంత్రం వానలో ఎవరో బాలింత ఇంటి ముందు ఆగిపోయిందట. లైట్లు మినుకు మినుకుమన్నాయి, సెల్ఫ్ టిక్కుమనడం తప్ప తిరగలేదు. వీధిలో వాళ్లు నలుగురూ గొడుగులు పక్కన పెట్టి ఇంటిదాకా తోశారట. పొద్దున పక్కింటి కారు బ్యాటరీకి తీగలు కలిపి తనే స్టార్టు చేసుకుని వచ్చానన్నాడు.

"చూడు బాబాయ్, నా చేతిలో ఎంత బుద్ధిగా వచ్చిందో. ఇది కారు జబ్బు కాదు, అమ్మ డ్రైవింగ్ జబ్బు. అమ్మ హస్తవాసి పసిపిల్లల దగ్గరే. సాయంత్రం అయిదింటికి ఒకాయన ఇంటికొచ్చి చూసుకుంటానన్నాడు, అమ్మేస్తున్నా."

మీటరు బానెట్ ఎత్తి తీగలు తగిలించాడు. ఇంజన్ స్టార్టు చేసి, ఎప్పటిలాగే కాస్త గట్టిగా రేసు ఇచ్చి చూశాడు. పద్నాలుగుంపావు వోల్టులు. నిండు ఆరోగ్యం. డైనమో కరెంటు పుట్టిస్తోంది, బ్యాటరీ దాన్ని తాగుతోంది. వంక పెట్టడానికేమీ లేదు. రాకెట్టు చేతులు రెండూ చాపి, చెప్పానా అన్నట్టు చూశాడు. అమ్మ అరవయ్యో పడిలో నేర్చుకుంది, ఇంకెక్కడైనా నడిరోడ్డు మీద ఆగితే ఏం గాను అన్నాడు. ఆ మాటలో కోపం కన్నా భయమే ఎక్కువ ఉందని మీటరుకి అర్థమైంది. అందుకే అతన్ని తిట్టలేకపోయాడు. అయిదింటిదాకా కారు నా దగ్గరే ఉంచు అని మాత్రం అడిగాడు. రాకెట్టు తాళాలు బల్ల మీద పడేసి ఆటో ఎక్కి మాయమైపోయాడు.

ఇక్కడ నర్సమ్మ గారి గురించి చెప్పాలి. ముప్ఫై నాలుగేళ్లు ప్రసూతి వార్డులో పనిచేసి నిరుడు రిటైరయింది. ఇంట్లో కూర్చోమంటే ఆవిడకి కాలు నిలవదు. పురుళ్లు పోసుకుని ఇళ్లకెళ్లిన తల్లుల దగ్గరికి తనే వెళ్లి, బిడ్డని తూచి, బొడ్డు చూసి, పాలు పట్టడం తెలియని కొత్త తల్లులకి నేర్పించి వస్తుంది. ఎవరూ పిలవక్కర్లేదు. అందుకోసమే పాత కారొకటి కొనుక్కుని పట్టుబట్టి డ్రైవింగ్ నేర్చుకుంది. వెనక సీటులో మెత్తటి దిండు మీద పిల్లల్ని తూచే తక్కెడ ఉంటుంది. నడిస్తే రోజుకి రెండిళ్లు, కారైతే ఆరిళ్లు. కారు పోవడమంటే ఆవిడకి ఆ నాలుగిళ్లూ పోవడమే.

మీటరు కూడా ఆ వార్డు ముందు బెంచీ మీద కూర్చున్నవాడే. పదకొండేళ్ల కిందటి సంగతి. లోపల భార్య, బయట తను. లేబరు రూము గుమ్మం పైన ఒక ఎర్ర బల్బు ఉండేది. లోపల పరిస్థితి ప్రమాదంగా ఉంటే అది వెలుగుతుంది, వెలిగితే ఆ అంతస్తులో ఉన్న నర్సులందరూ పరుగెత్తాలి. ఆ మధ్యాహ్నం అది నలభై నిమిషాలు వెలిగింది. భయం పట్టలేక అతను బల్బునే చూస్తూ, హోల్డరు వదులైందని, ఎవరైనా నిచ్చెన ఇస్తే బిగించేవాణ్నని పనికిరాని ఆలోచనలు చేస్తూ కూర్చున్నాడు. లోకంలో దీపం ఆరిందంటే బెంగ, అక్కడ మాత్రం ఆరితేనే సంబరం. ఆరింది. తలుపు తోసుకుని నర్సమ్మ గారు బయటికొచ్చి, నుదుటి చెమట మోచేత్తో తుడుచుకుంటూ ప్రతి తండ్రికీ చెప్పే మాటే చెప్పింది. "తల్లీ బిడ్డా క్షేమం." ఆ బిడ్డ ఇప్పుడు లెక్కల్లో తండ్రినే తప్పుపట్టేంతదైంది. ఆవిడ కారు బాగుచేయలేకపోతే తన వోల్టు మీటరు తీసుకెళ్లి ఏ చెత్తకుప్పలోనో పడేయాలని అతను గట్టిగానే అనుకున్నాడు.

పదింటికి ఆవిడే షెడ్డుకొచ్చింది. తక్కెడ సంచీలో పెట్టుకుని భుజాన వేసుకుంది. మొహంలో నిష్ఠూరం లేదు. అదే ఎక్కువ బాధపెట్టింది అతన్ని.

"కంగారుపడకు నాయనా. మావాడు చెప్పిందే నిజమేమో. వాడు తోలితే బాగానే ఉంటుంది, నేను తోలితేనే చస్తుంది. ఇవాళ నడిచే వెళ్తాలే."

వాడు తోలితే బాగుంటుంది, నేను తోలితే చస్తుంది. ఈ మాట ఆవిడ ఇంతకుముందూ రెండుసార్లు చెప్పింది. డ్రైవర్లు చెప్పింది వినకూడదన్న తన నియమం ప్రకారం మీటరు రెండుసార్లూ చెవిన పెట్టలేదు. ఇప్పుడు ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. తను ఇన్నిసార్లు పరీక్ష చేశాడే గాని, ఆవిడ నడుపుతుండగా ఒక్కసారి కూడా చూడలేదు. వోల్టు మీటరు తీగలకి మరో రెండు గజాలు అతుకు వేసి, బానెట్ సందులోంచి, కిటికీలోంచి లోపలికి లాగి, దాన్ని ఒళ్లో పెట్టుకుని ముందు సీటులో కూర్చున్నాడు. తను పక్కన లేడనుకుని రోజూ ఎలా నడుపుతారో అలాగే నడపమన్నాడు.

ఆవిడ తాళం తిప్పింది, ఇంజన్ స్టార్టయింది, కారు కదిలింది. కదిలిందని మీటరుకి తెలియడానికి కాస్త సమయం పట్టింది. ముప్ఫై నాలుగేళ్లు రోజుల పిల్లల్ని చేతులమీద మోసిన మనిషి. గేరు మార్చడం కూడా నిద్రపోయే బిడ్డని ఒక భుజం మీంచి మరో భుజం మీదికి మార్చినట్టే ఉంది. ఇంజన్ గొంతు పెంచలేదు, ఒక్క కుదుపు లేదు. సైకిళ్లు దాటిపోయాయి. రోడ్డు మధ్య పడుకున్న కుక్క లేచి, ఒళ్లు విరుచుకుని, తీరిగ్గా పక్కకి తప్పుకునేదాకా ఆగింది. హారన్ కొట్టమని మీటరు అంటే, పడుకున్నదాన్ని ఉలికిపడేలా చేయడం దేనికి అంది.

ఒళ్లో ముల్లు చూసిన మీటరుకి మాత్రం ఉలికిపాటు తప్పలేదు. పన్నెండున్నర. ఇంజన్ తిరుగుతున్నప్పుడు పద్నాలుగు దాటాల్సిన ముల్లు పన్నెండున్నర దగ్గర కూర్చుంది. పోనీ అక్కడైనా నిలిచిందా అంటే అదీ లేదు. చినుకులు పడుతున్నాయని ఆవిడ వైపర్లు వేయగానే కొద్దిగా దిగింది, లైట్లు వేయగానే ఇంకొద్దిగా దిగింది. అంటే డైనమో చుక్క కరెంటు కూడా ఇవ్వడం లేదు. కారు మొత్తం బ్యాటరీలో దాచుకున్నదే తింటోంది. గంట కిందట షెడ్డులో అదే డైనమో, అదే బెల్టు, అదే మీటరు. తల గోక్కోవడం తప్ప మరేం తోచలేదు.

మొదటి ఇంట్లో పన్నెండు రోజుల మగపిల్లవాడు. వారంలో పావుకిలో పెరిగాడట, నర్సమ్మ గారు బయటికొచ్చేటప్పుడు మొహం చేటంతైంది. మళ్లీ స్టార్టు చేసింది. ముల్లు పన్నెండుంపావు. రెండో ఇంటికి వెళ్లాలంటే రైలు పట్టాల మీది వంతెన ఎక్కాలి. ఎత్తు సగం వచ్చేసరికి కారు ఆయాసపడింది. ఆవిడ క్షమించమన్నట్టు స్టీరింగ్‌ని తట్టి ఎక్సలేటర్ గట్టిగా తొక్కింది. ఇంజన్ హోరుమంది. ముల్లు ఒక్క గంతులో పద్నాలుగు దాటింది.

వంతెన దిగారు. ఆవిడ మళ్లీ మెల్లగానే నడిపింది. ముల్లు మాత్రం పైనే ఉండిపోయింది. రెండో ఇంటి ముందు ఆవిడ ఇంజన్ ఆపి, కవల పిల్లల్ని తూచి, వాళ్ల అమ్మమ్మతో పది నిమిషాలు వాదించి వచ్చింది. స్టార్టు చేసింది. ముల్లు మళ్లీ కిందికొచ్చి కూర్చుంది.

అప్పుడు మీటరుకి విషయం పట్టుబడింది. డైనమో చెడలేదు, నిద్రపోతోంది. గట్టిగా అరిస్తే లేస్తోంది. ఒకసారి లేస్తే ఇంజన్ ఆపేదాకా పని చేస్తోంది. ఆపితే మళ్లీ నిద్ర. రాకెట్టు స్టార్టు చేస్తూనే రయ్యిమనిపిస్తాడు. ఇక తనో? పరీక్ష పేరుతో ప్రతిసారీ రేసు ఇచ్చి నిద్రలేపింది తనే, లేపి చూసి ఆరోగ్యంగా ఉందని సర్టిఫికెట్ ఇచ్చిందీ తనే. అతనికి సిగ్గూ నవ్వూ కలిసి వచ్చాయి. నవ్వే గెలిచింది. ఏమైందని ఆవిడ అడిగితే, ఇంజన్ ఆపి, స్టార్టు చేయకుండా ఊరికే తాళం తిప్పమన్నాడు.

ఆవిడ తిప్పింది. డాష్‌బోర్డు మీద ఆయిలు దీపం వెలిగింది. హ్యాండ్‌బ్రేకు దీపం వెలిగింది. వాటి పక్కన బ్యాటరీ బొమ్మ ఉండాల్సిన చోట చీకటి. ఇన్నేళ్లూ తను చిన్నచూపు చూసిన దీపాల్లో ఒకటి.

"ఇక్కడ ఇంకో ఎర్రలైటు ఉండాలి కదమ్మా?"

"ఆ బ్యాటరీ బొమ్మదా? మొదట్లో ఉండేది. నేర్చుకునే రోజుల్లో చూశాను. తర్వాత రావడం మానేసింది. కారుకి నయమైపోయిందనుకున్నాను. మా వార్డులో అంతే కదా, బాగైతే లైటు ఆర్పేస్తాం."

మీటరు ఆవిడకి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఇలాంటి పాత కార్లలో ఆ బల్బు ఊరికే వెలగడానికి పెట్టింది కాదు. తాళం తిప్పగానే దాని గుండా వెళ్లే కాస్త కరెంటే డైనమోని తట్టి లేపుతుంది. బల్బు లేకపోతే తట్టేవాళ్లుండరు. అప్పుడు ఇంజన్ గొంతు చించుకుంటే గాని అది లేవదు. ఆవిడ అన్నీ సరిగ్గా, మెత్తగా చేస్తుంది, ఇంటింటికీ ఇంజన్ ఆపుతుంది. అందుకే ఆవిడ చేతిలోనే కారు ఆగిపోతోంది. ఎండాకాలమంతా లైట్లూ వైపర్లూ లేక, ఆదివారాలు రాకెట్టు తోలిన తోలుడుకి బ్యాటరీ నిండి, ఎలాగో నెట్టుకొచ్చింది. వానలు రాగానే బయటపడింది.

ఆవిడ స్టీరింగ్ మీద ఉన్న తన రెండు చేతులనీ చూసుకుంది.

"అయితే తప్పు నా చేతిది కాదన్నమాట," అంది చివరికి. మీటరు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు, ఎందుకంటే అతని కళ్లు తడయ్యాయి.

మిగిలిన నాలుగిళ్లకీ వెళ్లారు. స్టార్టు చేసిన ప్రతిసారీ మీటరు చెప్పినట్టు ఆవిడ ఒక్కసారి ఎక్సలేటర్ గట్టిగా తొక్కేది, ముల్లు పైకి లేచేది, ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. అయితే రోజూ ఇలా తొక్కుతూ ఉండమనడం వైద్యం కాదు. బల్బు వేయాల్సిందే.

నాలుగున్నరకి ఇంటికి చేరారు. ఆవిడ భర్త గడియారాలు బాగుచేస్తాడు. వీధి గదిలో కిటికీ పక్కన ఆయన బల్ల, గోడ నిండా గడియారాలు, ఒక్కోటీ ఒక్కో టైము చూపిస్తూ. కంటికి భూతద్దం బిగించుకుని పని చేస్తున్న ఆయన, మీటరు స్క్రూడ్రైవర్ తీసుకుని డాష్‌బోర్డు వైపు వంగడం కిటికీలోంచి చూశాడు. భూతద్దం తీసి, గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు.

మీటరు చెయ్యి స్క్రూ దగ్గరే ఆగిపోయింది. గడియారాల వెనక మూతలకి ఉండేలాంటి గీత తలల స్క్రూలు నాలుగు. నాలుగింటి గీతలూ ఒకే దిక్కుకి నిటారుగా నిలబడి ఉన్నాయి. షెడ్డులో పనిచేసేవాడెవడూ స్క్రూ అలా బిగించడు. ఎక్కడ బిగుసుకుంటే అక్కడ వదిలేస్తాడు. ఒకే వరసలో నిలబెట్టేవాళ్లు ఈ ఊళ్లో ఒక్కరే ఉన్నారు. ఒక్క గీటు కూడా పడలేదు, ఎవరో విప్పారని అందుకే ఇన్నాళ్లూ అనుమానం రాలేదు. విప్పి చూస్తే బ్యాటరీ దీపం హోల్డరు శుభ్రంగా ఖాళీగా ఉంది. మాడిన బల్బు లేదు, అసలు బల్బే లేదు. మీటరు తలెత్తి చూశాడు. గడియారాలాయన తేలు కుట్టిన దొంగలా నేల చూపులు చూస్తున్నాడు.

ఎందుకు తీశాడో మీటరుకి తెలియదు. కాని ఆ పెద్దమనిషిని నలుగురిలో నిలబెట్టడానికి మనసొప్పలేదు. సరిగ్గా అప్పుడే రాకెట్టు కూడా దిగాడు. కారు చూడటానికొచ్చే ఆయన దారిలో ఉన్నాడన్నాడు. మీటరు వీపు అడ్డం పెట్టి, బల్బు మాడిపోయిందని, దానివల్లే ఇదంతా అని, కొత్తది వేస్తే సరిపోతుందని అబద్ధమాడాడు. తన వృత్తి జీవితంలో అతను లేనిదాన్ని ఉందనడం అదే మొదలు.

రాకెట్టు నొసలు చిట్లించాడు. "మాడిపోయి ఎన్నాళ్లయింది?"

"ఏడెనిమిది నెలలు," అంది నర్సమ్మ గారు.

"చూశావా బాబాయ్. ఎనిమిది నెలలు ఎదురుగా లైటు వెలగకపోతే చూసుకోలేదు. అమ్మకి కారొద్దని నేననేది అందుకే."

నర్సమ్మ గారు చేతుల్లోని తాళాలు కొడుకు చేతిలో పెట్టేద్దామా అన్నట్టు ఒకడుగు ముందుకేసింది. గుమ్మంలో ఉన్న పెద్దాయన గిరుక్కున వెనక్కి తిరిగి లోపలికెళ్లాడు. బల్ల సొరుగు లాగిన చప్పుడైంది. మూత ఉన్న చిన్న రేకు డబ్బా తెచ్చి కారు బానెట్ మీద పెట్టి తెరిచాడు. లోపల దూది, దూదిలో గోరంత బల్బు. మూత మీద ముత్యాల్లాంటి అక్షరాలతో తేదీ. ఆయన ఎందులోంచి ఏది తీసినా అలాగే దాస్తాడు, పారేయడం చేతకాదు.

"మాడలేదు. నేనే తీశాను," అన్నాడు. కొడుకుని కాదు, భార్యని చూస్తూ. "నువ్వు నేర్చుకుంటున్న రోజుల్లో ఒకసారి కూడలిలో బండి ఆగింది, గుర్తుందా? బండిలో ఈ ఎర్రలైటు వెలిగింది. నువ్వు తలుపు తీసుకుని దిగి పరుగెత్తావు."

ఆ సంగతి రాకెట్టుకి తెలియదు. పెద్దాయన పూసగుచ్చినట్టు చెప్పాడు. ముప్ఫై నాలుగేళ్లు ఎర్ర బల్బు వెలగడం, ఆవిడ కాళ్లు పరుగెత్తడం. ఆ రోజూ వెలిగింది, ఆ రోజూ కాళ్లు పరుగెత్తాయి. పదడుగులు పరుగెత్తి, లేబరు రూము ఎటు ఉందో తెలియక నడికూడలిలో నిలబడిపోయింది. వెనక హారన్లు. ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని ఏడ్చింది. లోకం దృష్టిలో పిచ్చిదాన్నయ్యాను, ఇక కారు ముట్టుకోనంది. తనకి కార్ల సంగతి తెలియదు. గడియారంలో అనవసరంగా మోగే అలారం తీసేసినా గడియారం నడుస్తుంది. ఇదీ అంతే అనుకున్నాడు. ఆ మధ్యాహ్నం ఆవిడ నిద్రపోతుంటే నాలుగు స్క్రూలు విప్పి, బల్బు తీసి, మళ్లీ బిగించాడు.

"మర్నాడు నువ్వు బెదరకుండా నడిపావు. నాకు ఏనుగెక్కినంత సంబరమైంది. ఎవరికీ చెప్పుకోలేని సంబరం. మూడుసార్లు నిన్ను రోడ్డు మీద నిలబెట్టింది నేనేనని నాకేం తెలుసు?"

లోపల గడియారాలు ఒకదాని తర్వాత ఒకటి, ఎవరికి తోచినప్పుడు వాళ్లు అయిదు కొట్టడం మొదలుపెట్టాయి. రాకెట్టు తండ్రిని చూశాడు, తల్లిని చూశాడు, ఫోను తీసుకుని గేటు దగ్గరికి నడిచాడు. అవును, పరుగెత్తలేదు, నడిచాడు. కారు అమ్మడం లేదని, శ్రమ ఇచ్చినందుకు ఏమీ అనుకోవద్దని ఎవరితోనో చెప్పడం వినబడింది.

నర్సమ్మ గారు భర్తని కోప్పడుతుందనే మీటరు అనుకున్నాడు. ఆవిడ దూదిలోని బల్బుని చూసింది. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి బానెట్‌కి ఆనుకుంది. ఎనిమిది నెలలుగా నాకు భయం పోయిందని పొంగిపోయాను, పోయింది భయం కాదు బల్బన్నమాట అంది. పెద్దాయన కూడా ముందు బిక్కమొహం వేసి, తర్వాత నవ్వేశాడు.

నవ్వులయ్యాక మీటరు అసలు సంగతి చెప్పక తప్పలేదు. బల్బు వేస్తేనే కారు బాగుంటుంది. వేస్తే అది వెలగకుండా ఉండదు. తాళం తిప్పిన ప్రతిసారీ వెలుగుతుంది. ఆవిడ నవ్వు కొంచెం తగ్గింది. పెద్దాయన వేరే దారి లేదా అని అడిగాడు. బల్బుకి బదులు ఇంకేదో పెట్టి కనబడకుండా దాచే ఉపాయం ఉందని మీటరు అన్నాడు. ఆవిడ వద్దంది. తీసినవాళ్లనే పెట్టమంది.

పెద్దాయన తన సన్నటి పట్టకారు తెచ్చి, భూతద్దం బిగించుకుని, ఊపిరి కూడా ఆపి, బల్బుని హోల్డరులో కూర్చోబెట్టాడు. నాలుగు స్క్రూలూ బిగించి, గీతలు మళ్లీ నిటారుగా నిలబెట్టాడు. మీటరు నవ్వు ఆపుకున్నాడు. ఆవిడ సీటులో కూర్చుంది. పక్కన మీటరు, ఒళ్లో వోల్టు మీటరు. కిటికీ పట్టుకుని భర్త, ఆయన వెనక కొడుకు.

తాళం సగం తిప్పింది. ఆయిలు దీపం, హ్యాండ్‌బ్రేకు దీపం, వాటి పక్కన బ్యాటరీ బొమ్మ, ఎర్రగా. ఆవిడ ఎడమ కాలు నేల మీంచి లేచింది. మీటరు చూశాడు. కిటికీ మీద భర్త వేళ్లు బిగుసుకున్నాయి. ఆవిడ ఆ ఎర్రటి వెలుగుని సూటిగా చూస్తూ, పాదాన్ని మెల్లగా కిందికి దించి, నేలకి ఆనించి ఉంచింది. తాళం పూర్తిగా తిప్పింది. ఇంజన్ ఎప్పటిలాగే మెత్తగా, ఎవరినీ నిద్రలేపనంత మెత్తగా స్టార్టయింది.

ఎర్ర బల్బు ఆరింది.

మీటరు అలవాటు కొద్దీ ఒళ్లోకి చూడబోయి మానేశాడు. ఆవిడ మొహం చూస్తే చాలనిపించింది. నర్సమ్మ గారు మోచేత్తో నుదురు తుడుచుకుని, కిటికీ దగ్గర ఊపిరి బిగబట్టి నిలబడ్డ భర్త వైపు తిరిగింది.

"తల్లీ బిడ్డా క్షేమం," అంది.